కట్టేసిన చోటే మునగబోయిన బోటు: పెద్ద పంపు కొంటే సరిపోతుందా?

తెరచాప27
మేరీలాండ్‌లో, అనాపొలిస్ పక్కన ఒక క్రీక్‌లో నా సెయిల్‌బోటు కట్టి ఉంటుంది. 27 అడుగులు, 1984 నాటిది, లోపల చిన్న డీజిలు ఇంజను. కొని రెండేళ్ళు కూడా కాలేదు. ఆఫీసులో రిలీజు, పాపకి జ్వరం, ఆ తర్వాత వానలు. మొత్తానికి ఆరు వారాలు అటు మొహం చూపించలేదు. మొన్న శనివారం పొద్దున్నే పక్క స్లిప్పు (బోటు కట్టుకునే చోటు) పెద్దాయన ఫోను. "మీ బోటు వెనక భాగం దిగినట్టుంది, నీటిగీత కనబడట్లేదు, తొందరగా రా" అని.

గంటన్నర డ్రైవు. తలుపు పలకలు తీసి చూస్తే లోపల నేల చెక్కలు తేలుతున్నాయి. వాటి పక్కన నా చెప్పు ఒకటి, పాప ప్లాస్టిక్ బాతు ఒకటి. ఆ బాతు ఒక్కటే హాయిగా ఉంది. మెరీనా వాళ్ళ పంపు తెచ్చి గంటలో తోడేశాం. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయింది. బోటులో ఆటోమేటిక్ పంపు ఉంది, 500 జీపీహెచ్‌ది, అంటే గంటకి 500 గ్యాలన్లు తోడేది. అది ఏం చేస్తూ కూర్చుందో తెలీదు. ఇప్పుడు 2000 జీపీహెచ్‌ది కొందామని చూస్తున్నా. ఏది మంచిదో చెప్పండి. మా ఆవిడ "అమ్మెయ్" అంటోంది. ఆ సలహా తప్ప ఇంకేదైనా పర్లేదు.

గోదారి_గట్టు
బాతుని అడగండి. సంఘటన స్థలంలో ఉన్న ఏకైక సాక్షి అదే.

హ్యూస్టన్_సుబ్బు
2000ది కొను బ్రో, ఇంకేం ఆలోచించకు. నాది ఇక్కడ హ్యూస్టన్ దగ్గర కీమా అనే ఊళ్ళో ఉంటుంది, 30 అడుగులు. రెండు పంపులు పెట్టా, నాలుగేళ్ళుగా ప్రశాంతంగా నిద్రపోతున్నా. నీళ్ళు వస్తే తోడేస్తుంది, అయిపోయింది.

బిల్జి_బాబాయ్
పంపు సంగతి తర్వాత. ముందు నాలుగు ప్రశ్నలు. నీళ్ళు ఉప్పగా ఉన్నాయా, చప్పగా ఉన్నాయా? నాలుక మీద చుక్క వేసుకుని చూశావా? బ్యాటరీ ఎన్ని వోల్టులు చూపించింది? జెట్టీ మీద కరెంటు బ్రేకరు పడిపోయి ఉందా? పంపు బయటికి వదిలే రంధ్రం బోటుకి ఎక్కడుంది, నీటికి ఎంత ఎత్తులో ఉంది?

31 ఏళ్ళు ఓడల ఇంజన్ రూముల్లో చేశాను. నీళ్ళు ఎక్కడినుంచి వచ్చాయో తెలీకుండా పంపు కొనేవాడు, చిల్లుకుండకి పెద్ద చెంబు కొనుక్కున్నట్టు.

హ్యూస్టన్_సుబ్బు
బాబాయ్ గారూ, చిల్లు ఎక్కడుందో వెతికేలోపు కుండ మునిగిపోతే? ముందు పంపు ఉండాలి కదా. లాజిక్ చెప్పండి.

తెరచాప27
డీజిలు కలిసిన నీళ్ళు నాలుక మీద వేసుకోవాలా బాబాయ్ గారూ? నిజంగానా?

బిల్జి_బాబాయ్
మింగమనలేదు నాయనా, అద్దమన్నాను. ముందు జెట్టీ పక్కన బయటి నీళ్ళు ఒక చుక్క, తర్వాత లోపలివి ఒక చుక్క. పోల్చి చూడు. మీ క్రీక్ కలిసే చెసపీక్ బేలోకి, అంటే ఆ సముద్రపు పాయలోకి, మార్చి, ఏప్రిల్‌లో సస్క్వెహన్నా నది నీళ్ళు బాగా దిగుతాయి, ఉప్పు తగ్గిపోతుంది. అందుకని లోపలివి చప్పగా ఉన్నాయని "వాననీళ్ళే" అని తేల్చెయ్యకూడదు. పోల్చి చూస్తేనే తెలుస్తుంది.

ఇక సుబ్బుకి లాజిక్ కావాలట, లెక్కే చెప్తాను. నీటిమట్టానికి రెండడుగుల కింద అంగుళంన్నర రంధ్రం ఉందనుకో. అంత లోతులో నీరు సెకనుకి దాదాపు 3.4 మీటర్ల వేగంతో లోపలికి వస్తుంది. లెక్కప్రకారం నిమిషానికి 235 లీటర్లు. అంచుల దగ్గర నష్టం తీసేసినా 140 తగ్గదు. నీ 2000 జీపీహెచ్ పంపు డబ్బా మీద రాసింది చూస్తే నిమిషానికి 126 లీటర్లు. అది కూడా పైపు లేకుండా, ఎత్తు లేకుండా, నిండు వోల్టేజీ మీద పరీక్షించిన అంకె. మూడడుగుల పైపు ఎక్కించి, మెలికలు తిప్పి, 12 వోల్టుల మీద నడిపితే అందులో సగం వస్తే గొప్ప. ఆ పంపు 8 ఆంపియర్లు లాగుతుంది. 80 ఆంపియర్-అవర్ బ్యాటరీ ఒక రాత్రి. తెల్లారేసరికి బ్యాటరీ, పంపు, బోటు మూడూ కలిసే కిందికి.

పంపు పెద్ద కన్నాన్ని గెలవదు. చిన్న లీకుని ఓపిగ్గా తోడుతుంది, అంతే దాని ఉద్యోగం.

హ్యూస్టన్_సుబ్బు
సరే, లెక్క బాగుంది. అయినా నా రెండు పంపులు నేను పీకను 🙂

ట్యాంక్‌బండ్_సెయిలర్
మాకు ఈ బాధే లేదు భయ్యా. హుస్సేన్‌సాగర్ల లేజర్ బోట్లు, గవే ఒక్కరు నడిపే చిన్న తెరచాప బోట్లు, నడిపినం చిన్నప్పుడు. పొద్దుగూకంగనే ట్రాలీ మీద ఎక్కించి ఒడ్డుకు గుంజుతం, బోల్తా కొట్టి పెడ్తం. ఒడ్డు మీద బోటు యాడ మునుగుతది? నేనైతే ఒక్కసారి వెనక బిరడా పెట్టుడు మర్చిపోయి నడిమిట్ల దాకా పోయిన. బోటు బరువెక్కుతనే ఉంది, నేనేమో గాలి తగ్గిందనుకుంటున్న. కోచ్ తిట్టిన తిట్లు ఇయ్యాలటికీ యాదికున్నయి.

తెరచాప27
అద్ది చూశా. రెండూ ఒకేలా కాస్త ఉప్పగా ఉన్నాయి, లోపలివాటికి డీజిలు వాసన ఎక్కువ. కాబట్టి చాలావరకు కింది నీళ్ళే. బ్యాటరీ 9 వోల్టుల దగ్గర ఉంది. జెట్టీ మీద బ్రేకరు పడిపోయి ఉంది, అంటే చార్జరు ఎప్పట్నించో పని చెయ్యట్లేదు. పంపు రంధ్రం వెనక పలక మీద ఉంది, మామూలుగా నీటికి మూడు వేళ్ళ ఎత్తులో.

బిల్జి_బాబాయ్
మూడు వేళ్ళు! ఆ మాట గుర్తుపెట్టుకో, మళ్ళీ దాని దగ్గరికే వస్తాం.

ఉప్పాడ_కుర్రాడు
ఇక్కడ కాకినాడలో మర బోట్లు కుంభాభిషేకం రేవులో పక్కపక్కనే కట్టేసి ఉంటాయండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, 61 రోజులు బోట్లన్నీ ఖాళీయే. అప్పుడు తెలుస్తుందండి ఏ బోటు ఎంత లీకో. వేటకెళ్ళినన్నాళ్ళూ ఇంజను ఆడుతుంది, కళాసీలు పొద్దున్నా సాయంత్రం నీళ్ళు తోడేస్తారు, ఎవరికీ పట్టదు. కట్టేసిన పది రోజులకి తెలుస్తుంది.

మా నాన్న సరంగండి, బోటు నడిపించే పెద్ద. ఆయన పద్ధతి ఒకటే. రోజూ ఒక మనిషి బోటెక్కాలి. కాపలావాడు రాత్రి బోటులోనే పడుకోవాలి. "ఒడ్డు మీద పడుకున్న కాపలావాడికి నీళ్ళ చప్పుడు వినబడదు" అంటాడు. మీరు ఆరు వారాలు వెళ్ళలేదంటే ఆయన నమ్మలేదండి, "బోటు నిజంగా వాళ్ళదేనా?" అని అడిగాడు.

గోదారి_గట్టు
ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. సీజను అయిపోగానే బోటుని మర్చిపోవడం మన సంప్రదాయమే.

తెరచాప27
మీ నాన్నగారికి దణ్ణం పెట్టానని చెప్పండి. సిగ్గుగానే ఉంది.

సీటెల్_శ్రీ
సిగ్గుపడే పనేం లేదు, అందరం అక్కడినుంచే వచ్చాం. నా కథ వినండి. మాది 32 అడుగులు. మూడేళ్ళ క్రితం టాయిలెట్ వాడి, చేతిపంపు పక్కనున్న మీటని "నీళ్ళు లోపలికి" వైపే వదిలేసి ఇంటికొచ్చాం. ఆ టాయిలెట్ గిన్నె నీటిమట్టానికి కింద ఉంటుంది. నీళ్ళ పైపు పైకెళ్ళి మెలిక తిరిగే చోట గాలి పీల్చుకునే చిన్న వాల్వు ఉండాలి, ఉంది కూడా, కానీ ఉప్పు గడ్డకట్టి మూసుకుపోయింది. దాంతో సైఫన్ మొదలైంది. మనం ఇంట్లో ట్యాంకులోంచి పైపు నోట్లో పెట్టి పీల్చి నీళ్ళు దించుతామే, అదే. మూడో రోజు వెళ్తే గిన్నె పొంగి పొర్లి పరుపులు తడిసి ఉన్నాయి. ఒక్క పైపు తెగలేదు, ఒక్క పగులు లేదు. అన్నీ "బాగానే" ఉన్న బోటు మునగబోయింది.

అప్పట్నించి రూలు: దిగే ముందు సీకాక్‌లన్నీ మూసెయ్యాలి. కాక్‌పిట్ (వెనక కూర్చుని బోటు నడిపే చోటు) నీళ్ళు పోయేవి తప్ప.

నీలాటిరేవు
సీకాక్ అంటే ఏంటండీ, మాలాంటి ఒడ్డు జనానికి?

సీటెల్_శ్రీ
బోటు అడుగున రంధ్రాలు ఉంటాయి. ఇంజను చల్లబరచడానికి నీళ్ళు తీసుకునేది, సింకు నీళ్ళు పోయేది, టాయిలెట్‌వి రెండు, కాక్‌పిట్‌లో పడ్డ వాన పోయేవి. ఒక్కో రంధ్రానికి లోపలి వైపు ఒక కొళాయి. అదే సీకాక్. మూస్తే సముద్రం బయట, తెరిస్తే సముద్రం పైపు దాకా. ఆ తర్వాత మనల్ని కాపాడేది రబ్బరు పైపు, దాని క్లిప్పు. అంతే!

నీలాటిరేవు
అంటే పడవకి కావాలనే కన్నాలు పెట్టుకుంటారా? మా తాత తెప్పకి ఇవేమీ లేవు. దుంగలు కట్టినది, నీళ్ళు పై నుంచి వచ్చి కిందికి పోతాయి. మునగమన్నా మునగదు.

హ్యూస్టన్_సుబ్బు
సీకాక్‌లు మూస్తే ఇంకో తలనొప్పి. మూసిన సంగతి మర్చిపోయి ఇంజను స్టార్ట్ చేస్తే చల్లనీళ్ళు రాక పంపు రబ్బరు చక్రం కాలిపోతుంది. నాకు జరిగింది. ఆరు రెక్కల్లో నాలుగు ఊడి ఎక్కడో లోపల ఇరుక్కున్నాయి. అందుకే నేను ఇంజనుది తెరిచే ఉంచుతా.

బిల్జి_బాబాయ్
ఇంజను తాళంచెవిని ఆ సీకాక్ పిడికే తగిలించు. కొళాయి దగ్గరికి వెళ్ళకుండా తాళం దొరకదు.

హ్యూస్టన్_సుబ్బు
...నాలుగేళ్ళుగా ఇది నాకెందుకు తట్టలేదు.

బోస్టన్_బోసు
చలి ప్రాంతం వాళ్ళకి ఒక మాట. సీకాక్ మూసినంత మాత్రాన అయిపోలేదు, లోపల మిగిలిన నీళ్ళు తీసెయ్యాలి లేదా యాంటీఫ్రీజ్ ఎక్కించాలి. నీళ్ళు గడ్డకట్టి వ్యాకోచిస్తే కంచు కొళాయి కూడా పగులుతుంది. వడపోత గాజు గిన్నె సంగతి చెప్పనే అక్కర్లేదు. గమ్మత్తేంటంటే పగిలిన రోజు ఏమీ కాదు, మంచే బిరడాలా ఆపుతుంది. మార్చిలో ఎండ రాగానే కరుగుతుంది, అప్పుడు మునుగుతుంది. మా జెట్టీలో ఒకటి అలాగే పోయింది. మంచు బరువు ఇంకోటి. డెక్కు మీద రెండడుగుల మంచు పేరుకుంటే బోటు దిగి, ఎప్పుడూ గాల్లో ఉండే రంధ్రాలు నీళ్ళలోకి వస్తాయి.

తెరచాప27
నా సీకాక్‌లు చూశా. రెండు గుండ్రంగా తిప్పేవి, ఇంటి తోటలో కొళాయిలా. ఒకటి తిప్పితే తిరుగుతూనే ఉంది, ఎంతకీ ఆగట్లేదు. అది మూసుకున్నట్టా తెరుచుకున్నట్టా?

బిల్జి_బాబాయ్
రెండూ కాదు, లోపల కాడ విరిగినట్టు. దాన్ని ఇక ముట్టుకోకు. అవి గేటు వాల్వులు. ఆ కాలం బోట్లలో చాలావాటికి ఇంటి ప్లంబింగు ఇత్తడివి పెట్టేవారు. ఇత్తడిలో ఉన్న జింకుని ఉప్పునీళ్ళు నెమ్మదిగా తినేస్తాయి, మిగిలేది స్పంజిలాంటి రాగి. చాకుతో గీకి చూడు. పసుపు రంగు వస్తే ఇంకా ప్రాణం ఉంది. గులాబీ రంగు వస్తే దాని పని అయిపోయింది. బోటుని పైకెత్తినప్పుడు రెండూ తీసేసి, కంచువో గట్టి నైలానువో, పావు తిప్పుతో మూసుకునే బాల్ వాల్వు సీకాక్‌లు వేయించు. పిడి పైపు వెంట ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే మూసినట్టు. చీకట్లో చెయ్యి పెట్టినా తెలుస్తుంది.

అప్పటిదాకా ప్రతి రంధ్రం పక్కన మెత్తచెక్క బిరడా ఒకటి దారంతో కట్టి ఉంచు. పెట్టెలో దాచుకుంటే ప్రయోజనం లేదు. అవసరమైనప్పుడు పెట్టె కూడా నీళ్ళలోనే ఉంటుంది.

తెరచాప27
గీకాను. ఒకటి పసుపు. తిరుగుతూనే ఉన్నది గులాబీ 😐

విశాఖ_స్టోర్స్
క్లిప్పులు కూడా చూసుకోండి. పైకి తళతళలాడుతుంటాయి. బ్యాండు స్టీలు మంచిదే వేస్తారు, స్క్రూ మాత్రం చవకది వేస్తారు. వేలితో కింది వైపు తడిమితే తుప్పు పొడి రాలుతుంది. పైపు బొడిపె పొడవుగా ఉంటే రెండు క్లిప్పులు, పొట్టిగా ఉంటే ఒక్కటే. పొట్టి దానికి రెండు బిగిస్తే రెండోది పైపుని కోసేస్తుంది. కొండంత బోటు కొని క్లిప్పు దగ్గర పీనాసితనం చేసేవాళ్ళని ఎంతమందిని చూశానో. కొట్టు దగ్గర బేరమాడి, నెల తర్వాత బోటు లేపే క్రేనుకి డబ్బు కట్టారు.

సీటెల్_శ్రీ
అసలు లీకు ఎక్కడో ఇంకా తేలలేదు. తెరచాప గారూ, ఒక పని చెయ్యండి. లోపలంతా పొడిగా తుడిచి, టిష్యూలతో అద్దేసి, నేల చెక్కల కింద నీళ్ళు చేరే నేలగుంట పొడుగునా టాల్కం పౌడరు చల్లండి. రెండు గంటలు బయట కూర్చుని కాఫీ తాగి వచ్చి చూడండి. నీళ్ళు వచ్చిన దారి పౌడరు మీద గీతలా కనబడుతుంది. గీత పట్టుకుని వెనక్కి వెళ్ళండి.

గోదారి_గట్టు
బోటుకి పౌడరు, బొట్టు. ఇక హారతే తక్కువ.

బిల్జి_బాబాయ్
మంచి మాట చెప్పావమ్మా. లోపలికి దిగే ముందు ఒక జాగ్రత్త. జెట్టీ కరెంటు వైరు పీకి అప్పుడు దిగు. నీళ్ళున్న బోటులో చార్జరు, 120 వోల్టులు, తడికాళ్ళు, ఈ మూడూ ఒక చోట ఉండకూడదు. శనివారం ఆ బ్రేకరు పడిపోయి ఉండటం నీ అదృష్టం.

హ్యూస్టన్_సుబ్బు
డీజిలు తెట్టె తేలితే గిన్నెలు తోమే సబ్బు రెండు చుక్కలు వెయ్యి, మాయమైపోతుంది.

సీటెల్_శ్రీ
వద్దు! సబ్బు వేసి తెట్టెని విడగొట్టడం అమెరికాలో చట్టవిరుద్ధం. తెట్టె పోదు, కిందికి దిగుతుంది, అంతే. నూనె పీల్చే గుడ్డలు దొరుకుతాయి, అవి నేలగుంటలో ఒకటి పడేసి ఉంచండి. బయట నీళ్ళ మీద తెట్టె కనబడితే కోస్ట్‌గార్డ్‌కి చెప్పాలి.

హ్యూస్టన్_సుబ్బు
సరే సరే. ఈ థ్రెడ్‌లో నా స్కోరు 0/3.

తెరచాప27
ఈ ఆదివారం రిపోర్టు. కాస్త పొడుగు, ఓపిక పట్టండి.

పౌడరు చల్లా. రెండు గీతలు వచ్చాయి. మొదటిది ఇంజను వెనకనుంచి, ప్రొపెల్లరు షాఫ్టు బయటికి వెళ్ళే చోటునుంచి. అక్కడ ఇత్తడి నట్టులోంచి చుక్క చుక్క కారుతోంది. ఫోన్‌లో టైమరు పెట్టి లెక్కపెట్టా, నిమిషానికి 50 చుక్కలు. రెండో గీత సన్నగా, పంపు పైపు దిగే వైపునుంచి.

తర్వాత పంపు తీశా. దాని పక్కన తేలుతూ పైకి లేచే స్విచ్ ఉంటుంది కదా, దాని కింద ఒక రంగు కాగితం ముక్క ఇరుక్కుని ఉంది. జంతికల ప్యాకెట్టు. అక్టోబరులో మా అత్తగారు వచ్చినప్పుడు తిన్నది. స్విచ్ కిందికి దిగకుండా అడ్డుపడింది, అంటే నీళ్ళు ఉన్నా లేకపోయినా పంపు తిరుగుతూనే ఉండి ఉంటుంది. చార్జరు ఎటూ లేదు.

కాక్‌పిట్‌లో వాన పోయే రెండు రంధ్రాలూ ఓక్ ఆకులతో మూసుకుపోయాయి. శనివారం నేను వెళ్ళేసరికి కాక్‌పిట్‌లో కూడా మోకాలికి కాస్త కింద దాకా నీళ్ళున్నాయి. అది వాననీరే కదా అని మీకు చెప్పలేదు.

గోదారి_గట్టు
అత్తగారి మీదికి తోసేశాడు చూడండి. బాతు నిర్దోషి.

బిల్జి_బాబాయ్
కాక్‌పిట్ సంగతి దాచి ఇన్ని రోజులు నా చేత ప్రశ్నలు వేయించావా! సరే, ఇప్పుడు బొమ్మ పూర్తయింది.

20 చుక్కలు ఒక మిల్లీలీటరు అనుకో. నిమిషానికి 50 చుక్కలంటే రోజుకి 3.6 లీటర్లు. ఆరు వారాలకి 150 లీటర్లు. ఇంత నీళ్ళు పంపుకి లెక్కే కాదు, పని చేస్తే రోజుకి పది సెకన్ల పని. కానీ జంతికల పుణ్యమా అని అది ఖాళీగా తిరిగి తిరిగి ఒకటి రెండు రోజుల్లో బ్యాటరీని తాగేసింది. అక్కడినుంచి 150 లీటర్లు అలాగే నిలబడ్డాయి. నీ బోటు నీటిమట్టం దగ్గర వైశాల్యం 12 చదరపు మీటర్లు అనుకుంటే, ఒక సెంటీమీటరు దిగాలంటే 120 కిలోలు చాలు. అది సమానంగా దిగితే. నీళ్ళు సమానంగా ఉండవుగా, ఇంజను ఉన్న వెనక వైపుకే పోతాయి. పై నుంచి కాక్‌పిట్‌లో వాననీళ్ళు, అవీ వెనకే, వందల కిలోలు. ఇప్పుడు గుర్తుందా మూడు వేళ్ళు? వెనక పలక మూడు వేళ్ళు దిగింది. పంపు రంధ్రం నీళ్ళలోకి వచ్చింది. పంపు ఆగి ఉంటే అది పంపు కాదు, గొట్టం. నీళ్ళు వచ్చిన దారినే వెనక్కి వస్తాయి. గంటకి వందల లీటర్లు. దిగేకొద్దీ వేగం పెరుగుతుంది. పక్క పెద్దాయన పొద్దున్నే చూడబట్టి సరిపోయింది. మధ్యాహ్నానికి అయితే తెరచాప స్తంభం ఒక్కటే కనబడేది.

నీ చుక్కల లీకు ఒంటరిగా బోటుని ముంచలేదు. పెద్ద కన్నం దాకా దించి అప్పజెప్పింది, అంతే.

ఉప్పాడ_కుర్రాడు
మా దగ్గర కూడా అచ్చం ఇదేనండి. మా వైపు ముందు భాగాన్ని అణియం, వెనక భాగాన్ని అమరం అంటాం. "అమరం బరువెక్కితే నిద్రపోకు" అంటారు. గ్లాండు ప్యాకింగు, అంటే షాఫ్టు చుట్టూ నట్టులో నీళ్ళు ఆపడానికి చుట్టే తాడు, ప్రతి నిషేధంలో మారుస్తాం. చెక్క బోట్లయితే పైకి లాగి పలకల సందుల్లో దూది దారం కొట్టి గుగ్గిలం పట్టిస్తారు. ఫైబరు బోట్లకి ఆ బాధ లేదు గానీ గ్లాండు బాధ అందరికీ ఒకటే.

హ్యూస్టన్_సుబ్బు
ఆ పంపు పైపులో వెనక్కి రాకుండా ఒక చెక్ వాల్వు పెట్టేస్తే అయిపోతుంది కదా? ఈసారైనా కరెక్టేనా?

సీటెల్_శ్రీ
0/4. చెక్ వాల్వు రెక్క కింద చిన్న వెంట్రుక ఇరుక్కున్నా అది మూసుకోదు. జంతికల ప్యాకెట్టు ఉన్న బోటులో దాన్ని నమ్ముతారా? పైగా పంపు తోసే బలాన్ని కూడా తగ్గిస్తుంది. పైపుని డెక్కు కిందదాకా ఎత్తుకి తీసుకెళ్ళి మెలిక తిప్పి దించాలి, మెలిక పైన గాలి పీల్చే వాల్వు పెట్టాలి. బయట రంధ్రం కూడా వీలైనంత పైకి మార్చాలి. పాత రంధ్రం ఫైబరుతో పూడ్చెయ్యాలి.

విశాఖ_స్టోర్స్
నాకు తెలిసినవాళ్ళు చెక్ వాల్వులు పెట్టి పదేళ్ళుగా నడుపుతున్నారు. అంత భయం అక్కర్లేదు.

సీటెల్_శ్రీ
పైపులో మిగిలిన నీళ్ళు మళ్ళీ గుంటలో పడకుండా పెట్టుకుంటే నాకు అభ్యంతరం లేదు. సముద్రాన్ని ఆపడానికి పెట్టుకుంటేనే గొడవ. ఆ పని ఎత్తు చెయ్యాలి.

బిల్జి_బాబాయ్
ఇద్దరూ ఒకటే చెప్తున్నారు, గొంతులు వేరు.

తెరచాప27
గ్లాండు నేనే బిగించుకోవచ్చా? పెద్ద రెంచీలు కొన్నా.

బిల్జి_బాబాయ్
బిగించు, కానీ మురిసిపోయి బిగించకు. రెండు నట్లు ఉంటాయి, చిన్నది లాకు. దాన్ని వదులు చేసి పెద్దది ఎనిమిదో వంతు తిప్పు. ఇంజను గేరులో పెట్టి నడిపి, ఆపాక చేత్తో ముట్టుకుని చూడు. గోరువెచ్చగా ఉంటే సరే, చెయ్యి పెట్టలేకపోతే అతిగా బిగించావు, షాఫ్టు మీద గాడి పడుతుంది. తిరిగేటప్పుడు నిమిషానికి రెండు మూడు చుక్కలు, ఆగి ఉన్నప్పుడు ఒక్కటీ కారకూడదు. ఎంత బిగించినా ఆగకపోతే లోపలి తాడు రాయి అయిపోయిందన్నమాట. బోటు పైకెత్తినప్పుడు పాత చుట్లన్నీ పీకి కొత్తవి మూడు చుట్లు వెయ్యి, ఒకదాని కోత మీద ఇంకోదాని కోత రాకూడదు. నట్టు వెనకున్న రబ్బరు గొట్టాన్ని కూడా చూడు. ఆ గొట్టం తెగితే బిరడా కూడా పనికిరాదు.

విశాఖ_స్టోర్స్
తాళ్ళ సంగతి ఎవరూ ఎత్తలేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చిన రోజు నేను విశాఖలోనే ఉన్నా. మర్నాడు ఫిషింగ్ హార్బరుకి వెళ్తే, కట్టిన చోటే ఒకదానికొకటి గుద్దుకుని పోయిన బోట్లు చూశాను. తాడు జెట్టీ అంచుకి రాసుకునే చోట పాత ఫైరు గొట్టం ముక్క తొడగండి, రూపాయి ఖర్చు లేదు.

తెరచాప27
మా దగ్గర జెట్టీ కదలనిది, గుంజలకి కడతాం. 2003లో ఇసబెల్ తుపానుకి నీళ్ళు జెట్టీల పైకి వచ్చేశాయని పక్క పెద్దాయన చెప్తుంటాడు. మామూలుగా ఆటుపోట్లు అడుగు లోపే, అందుకే తాళ్ళు బిగించి కట్టే అలవాటు నాకు.

ఉప్పాడ_కుర్రాడు
ఆ అలవాటు మానెయ్యండి. మా రేవులో ఒకసారి పోటు మీద ఉన్నప్పుడు కొత్తవాడెవరో బిగించి కట్టాడు. పాటు తీసేసరికి బోటు ఒక పక్క తాడుకి వేలాడుతోంది. తాడు కోసేసరికి అది దభాల్న పడి అవతలి బోటుని గుద్దింది. తాడు పొడుగ్గా ఏటవాలుగా ముందుకీ వెనక్కీ కడితే బోటు నీళ్ళతో పాటే లేస్తుంది, దిగుతుంది.

నీలాటిరేవు
ఇంత కష్టపడి ఎందుకండీ బోటు? తెప్ప కొనుక్కోండి.

తెరచాప27
మా ఆవిడ ఈ పోస్టు చదివి మీకు పెద్ద నమస్కారం పెట్టింది.

బోస్టన్_బోసు
ఇన్సూరెన్సు పాలసీ ఒకసారి చదువుకో బ్రో. చాలావాటిలో "అరుగుదల, నిర్వహణ లోపం" అని ఒక వాక్యం ఉంటుంది. గులాబీ రంగు కొళాయి ఆ వాక్యంలోకే వస్తుంది.

తెరచాప27
చదివా. ఉంది. రాత్రి నిద్ర పట్టలేదు.

రెండు వారాల తర్వాత అప్‌డేటు. బోటు పైకెత్తించి గేటు వాల్వులు రెండూ తీయించా. గులాబీది తీస్తుంటే చేతిలోనే విరిగిపోయింది. మెకానిక్ దాన్ని నా అరచేతిలో పెట్టి ఏమీ మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. కొత్తవి కంచువి వేశారు. గ్లాండుకి కొత్త తాడు, కొత్త రబ్బరు గొట్టం. పంపు రంధ్రం జానెడు పైకి మార్చాం, పైపుకి మెలిక. పంపు మాత్రం 1100ది కొన్నా. సుబ్బు గారి పరువు కోసం రెండోది కూడా పెట్టా, చిన్నది, కాస్త ఎత్తులో. అది మొదలైతే సైరను మోగుతుంది, ఫోనుకి మెసేజీ వస్తుంది. పంపు ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టే మీటరు కూడా. పంపు వైరు మెయిన్ స్విచ్‌తో సంబంధం లేకుండా ఫ్యూజు ద్వారా నేరుగా బ్యాటరీకి.

హ్యూస్టన్_సుబ్బు
1/5. చాలు నాకు.

బిల్జి_బాబాయ్
మెసేజీ వచ్చే ఫోను నీకుంది, బోటెక్కి చూసే మనిషెవరు?

తెరచాప27
పక్క స్లిప్పు పెద్దాయనకి తాళం ఒకటి ఇచ్చా. ఆయన ఊళ్ళో లేనప్పుడు నేను ఆయన బోటు చూస్తా. జంతికలు కూడా ఇచ్చా, డబ్బాలో. ప్యాకెట్టులో కాదు.

ఉప్పాడ_కుర్రాడు
మా నాన్నకి చదివి వినిపించానండి. "ఇప్పుడు బోటు వాళ్ళదే" అన్నాడు.

గోదారి_గట్టు
బాతు ఎక్కడుంది ఇప్పుడు?

తెరచాప27
నేలగుంటలోనే. మీటరు చెప్పేలోపు అది తేలితే పాప చెప్తుందట. నిన్న సాయంత్రం చూశాం. మీటరు మీద 0, కింద పౌడరు పొడిగా ఉంది, బాతు దాని మీద పక్కకి పడి ఉంది.